కాగని అచ్చు

కర్నూలు,
1956 జూలై 8.

ప్రియమైన అత్తకు ప్రేమయ్య వందనములు.

నేను ఇక్కడ క్షేమం. ఈ ఉత్తరంతో బాటు చిన్న పొట్లం ఒకటి వస్తుంది. కత్తి పెట్టవద్దు, దారం చేత్తోనే విప్పు. లోపల ఉన్నది దువ్వెన. నా చేతుల మీదుగా తయారైన మొట్టమొదటి వస్తువు అది. నాన్న పోయిన నాటి నుంచి నన్ను పెంచి, రోజూ తల దువ్వి బడికి పంపినదానివి నువ్వు. అది నీకు కాక ఎవరికి పంపుతాను?

ఇది కొమ్ముదీ కాదు, కొయ్యదీ కాదు, ప్లాస్టిక్. మా యజమాని తిమ్మారెడ్డి గారిది ఆలూరు దగ్గర పల్లె. చెనక్కాయల వ్యాపారంలో బాగుపడి, ఈ వేసవిలో బొంబాయి నుంచి మిషన్ తెప్పించి పాత కాయల గోదాములో పెట్టించారు. అది నిలువుగా నిలబడిన ఇనుప గొట్టం. చుట్టూ కరెంటు తీగ ఉంటుంది. పైనుంచి ఎర్రటి గింజలు పోస్తే లోపల బెల్లం పాకంలాగా కరుగుతాయి. గొట్టం కింద అచ్చు. అచ్చంటే పుస్తకం మూసినట్టు మూసుకునే రెండు ఇనుప దిమ్మెలు, వాటి లోపల దువ్వెన ఆకారం తొలిచి ఉంటుంది. నేను పొడవాటి పిడిని పట్టి బలంకొద్దీ కిందికి లాగితే ఆ పాకం అచ్చులోకి దూరుతుంది. వెంటనే నా జతగాడు అయ్యన్న అచ్చును నీళ్ల తొట్టిలో ముంచి తీస్తాడు. తెరిస్తే దువ్వెన!

మిషన్ బిగించడానికి వచ్చిన బొంబాయి మిస్త్రీ పోతూ ఒక్క మాట చెప్పాడు: అచ్చు ఎంత తొందరగా చల్లబడితే దినానికి అన్ని ఎక్కువ దువ్వెనలు.

అయ్యన్నది కోడుమూరు. నా కంటే చాలా పెద్దవాడు, చదువు రాదు, కానీ నవ్వించకుండా ఉండలేడు. నీ దువ్వెన చేసేటప్పుడు నేను ఆత్రంగా తొట్టిలోకి వంగి చూస్తుంటే, “ఏమప్పా ప్రేమయ్యా, దువ్వెన చేస్తాండావా, బిడ్డను కంటాండావా?” అన్నాడు. సజ్జరొట్టె రోజూ నాకు సగం పెడతాడు.

దువ్వెన ఎట్లా ఉందో వెంటనే రాయి.

నీ ప్రేమయ్య


కడప, మిషన్ కాంపౌండు,
1956 జూలై 17.

చిరంజీవి ప్రేమయ్యకు నీ అత్త జీవమ్మ దీవెనలు.

పొట్లం చేరింది. దారం చేత్తోనే విప్పాను నాయనా, దాన్ని కూడా చుట్టి దాచాను. హాస్టలులో పొయ్యి మీద పప్పు ఉంది, నేను కిటికీ దగ్గర నీ దువ్వెన పట్టుకుని నిలబడ్డాను. ఎండ దానిలోనుంచి దూరి నా అరచేతి మీద ఎర్రగా పడింది. పప్పు మాడింది. పిల్లలు నోరెత్తకుండా తిన్నారు. వంటమనిషి మేనల్లుడు దువ్వెనలు కనిపెట్టాడని ఊరంతా వాళ్లే చెప్పుకొచ్చారు.

ఆదివారం గుడికి తీసుకుపోయి పాస్టరు అయ్యగారి భార్యకు చూపించాను. ఆమె తిప్పి తిప్పి చూసి, “అద్దం మాదిరి ఉండాది గదమ్మా!” అన్నది. రత్నమణి అని తొమ్మిదో తరగతి పిల్ల ఒకతి ఉంది, మోకాళ్ల దాకా జడ. “పెద్దమ్మా, ఒక్కసారి ఇయ్యవా” అని నా కొంగు పట్టుకుని తిరుగుతోంది. నీ దువ్వెనను నేను ఎంత జాగ్రత్తగా చూసుకుంటున్నానో నీకు వేరే చెప్పనక్కరలేదు.

ఆ అయ్యన్నకు నా మాటగా చెప్పు: సగం రొట్టె పెట్టేవాడిని దేవుడు మరచిపోడు. నువ్వు మాత్రం అతని రొట్టె తిని ఊరుకోక, ఎప్పుడన్నా ఏమన్నా కొని పెట్టు.

కాలువకు నీళ్లు వదిలారు. మీ ఊరి దిక్కు నుంచే వస్తాయంటారు కదా, పోయి కాళ్లు కడుక్కుని వచ్చాను.

నీ అత్త


కర్నూలు,
1956 సెప్టెంబరు 2.

ప్రియమైన అత్తకు,

రాయడం ఆలస్యమైంది, కోపం వద్దు. పని ఎక్కువైంది. కోడుమూరు సంత, ఆత్మకూరు సంత, ఆదోని అంగళ్లు, అన్నిచోట్లా మా దువ్వెనలే. సాయంత్రానికి పిడి లాగి లాగి భుజం ఎత్తలేను. అయ్యన్న చేతులు దినమంతా తొట్టి నీళ్లలో నాని తెల్లగా ఉబ్బుతాయి. చూపించి, “నా పెండ్లాము నన్ను సూసి సాకలోడు అనుకుంటాండాది” అంటాడు.

వంకర పోయినవి, అంచులకు మిగిలిన ముక్కలు అతనే రోట్లో దంచి మళ్లీ కొత్త గింజల్లో కలుపుతాడు. దాన్ని మేము తుక్కు అంటాం. తుక్కు కలిపినా రంగు మారదు.

నిన్న ఆత్మకూరు అంగడాయన ఒకడు కొన్ని దువ్వెనలు వెనక్కి తెచ్చాడు. పండ్లు విరిగాయట. గట్టిగా లాగి ఉంటారని తిమ్మారెడ్డి గారు సర్దిచెప్పి పంపారు. నాకు మాత్రం మనసులో పడింది. నీ దువ్వెన ఎట్లా ఉంది? నన్ను సంతోషపెట్టడానికి రాయవద్దు. ఉన్నది ఉన్నట్టు రాయి.

ప్రేమయ్య


కడప,
1956 సెప్టెంబరు 9.

ప్రేమయ్యా,

నీ దువ్వెనకు ఒక్క పన్ను కూడా విరగలేదు. వచ్చిన రోజు ఎట్లా ఉందో ఈ రోజూ అట్లాగే ఉంది. అబద్ధమైతే దేవుడు చూస్తాడు. ఆత్మకూరు వాళ్ల తలలు ఎట్లాంటివో నాకు తెలియదు.

భుజానికి ఆముదం రాసి వేడినీళ్లు పోసుకో. అయ్యన్న చేతులకు కూడా రాయమను.

అత్త


కర్నూలు,
1956 అక్టోబరు 21.

అత్తకు,

దువ్వెనలు గోతాల్లో వెనక్కి వస్తున్నాయి. కొన్నప్పుడు బాగానే ఉంటాయి. నూనె తలలో నాలుగు వారాలు తిరిగేసరికి పన్ను మొదట్లో తెల్లటి గీత పడుతుంది, ఆ గీత దగ్గర పుటుక్కున విరుగుతుంది. ఆదోని అంగడాయన మా గోదాములోనే నిలబడి, “ఇవి దువ్వెనలా, ఉప్పు బిళ్లలా?” అని అరిచాడు.

తిమ్మారెడ్డి గారు నన్ను పిలిచి, “యాడ తప్పు జరుగుతాండాదప్పా? మిషన్ మూసి మళ్లా కాయలు పోసుకుందునా?” అని అడిగారు. అప్పుడు నీ దువ్వెన గుర్తొచ్చింది. అది తుక్కు లేకుండా ఉట్టి కొత్త గింజలతో చేసినది. అది విరగలేదు. తుక్కు కలిపినవి విరుగుతున్నాయి. ఇంకేం కావాలి? తప్పు తుక్కులోనే ఉందని చెప్పాను. ఆయన ఒప్పుకున్నారు. ఇప్పుడు తుక్కు కలపడం మానేశాం. పనిలో కూడా కొన్ని మార్పులు జరిగాయి.

నా ఆరోగ్యం బాగుంది.

ప్రేమయ్య


కడప,
1956 అక్టోబరు 28.

ప్రేమయ్యకు,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. దానిలో అయ్యన్న లేడు.

ఇంతవరకు అతను లేని ఉత్తరం నువ్వు రాయలేదు. అతని మాటలు, అతని రొట్టె, అతని పెండ్లాము సంగతి, ఏదో ఒకటి ఉండేది. చిన్నప్పుడు కుండ పగలగొట్టిన రోజు కూడా నువ్వు ఇంట్లో అన్ని సామాన్ల గురించీ మాట్లాడి కుండ మాట ఎత్తలేదు. “కొన్ని మార్పులు జరిగాయి” అన్నది కచేరీ మాట, నా మేనల్లుడి మాట కాదు.

తుక్కు కలిపేది అయ్యన్న అని నువ్వే రాశావు. ఆ మనిషి ఇప్పుడు యాడ ఉన్నాడు?

అత్త


కర్నూలు,
1956 నవంబరు 4.

అత్తకు,

అడిగావు కాబట్టి రాస్తున్నాను. అయ్యన్నను పనిలోనుంచి తీసేశారు.

తిమ్మారెడ్డి గారు అతన్ని పిలిచి, ఎంత తుక్కు కలుపుతున్నావని అడిగారు. “తమరు చెప్పినంతే సామీ. పిడికెడు ఎక్కువ యెయ్యలేదు” అన్నాడు. ఆయన నా వైపు చూశారు. నేను ఎక్కువ కలిపాడని చెప్పలేదు. తుక్కు వల్లనే విరుగుతున్నాయని మాత్రం మళ్లీ చెప్పాను. ఆ మాట చాలింది. అయ్యన్న అచ్చును గుడ్డతో తుడిచి, మూసి, దాని చోట పెట్టి పోయాడు. రొట్టె మూట అక్కడే మరచిపోయాడు. నేను తినలేదు.

నన్నేం చేయమంటావు? మిషన్ మూసేస్తే ఇద్దరమూ పోయేవాళ్లం. నేను ఊహించి చెప్పలేదు, నీ దువ్వెన సాక్ష్యం ఉంది కదా.

రాజధాని మారింది కదా, ఊళ్లో కచేరీలన్నీ మూటగట్టి లారీల్లో హైదరాబాదు పోతున్నాయి. వీధులు బోసిపోయాయి. అయ్యన్న జాగాలో ఇంకా ఎవరినీ పెట్టలేదు. ముంచేది నేనే, లాగేది నేనే.

ప్రేమయ్య


కడప,
1956 నవంబరు 25.

నాయనా ప్రేమయ్యా,

జవాబుకు ఇన్నాళ్లు పట్టినందుకు కారణం చెబుతాను. కూర్చుని చదువు.

సాక్ష్యం అన్న మాట దగ్గర నీ ఉత్తరం కింద పెట్టేశాను. నీ దువ్వెనతో నేను ఒక్కనాడూ తల దువ్వుకోలేదు. నా పాత కొమ్ము దువ్వెనతోనే దువ్వుకుంటున్నాను. నువ్వు చేసిన మొదటి వస్తువును ఈ నూనె తలకు పెట్టడానికి నాకు చేతులు రాలేదు. తెల్ల రుమాలులో చుట్టి రేకు పెట్టెలో పెట్టుకుని, బుద్ధి పుట్టినప్పుడల్లా తీసి చూసుకునేదాన్ని. రత్నమణి అంత బతిమాలినా ఇవ్వలేదు. ఒక్క పన్ను విరగలేదని రాశాను, అది నిజమే. వాడని దువ్వెన ఎట్లా విరుగుతుంది? వాడుతున్నావా అని నువ్వు అడగలేదు, వాడటం లేదని నేను చెప్పలేదు. చెబితే నొచ్చుకుంటావని అనుకున్నాను. నా ముద్దు ఒకరి కూడు మీదికి వస్తుందని అనుకోలేదు.

నీ ఉత్తరం వచ్చిన మరునాడే తల విప్పి, బజారు కొబ్బరినూనె పట్టించి, దానితో దువ్వుకున్నాను. నాయనా, ఎంత నున్నగా పోయిందో! ఇన్నాళ్లూ ఎందుకు వాడలేదా అనిపించింది. ఆ మరునాడు రత్నమణిని పిలిచి ఇచ్చాను. దానికి నమ్మకం కలగలేదు. “నిజంగానా పెద్దమ్మా?” అని అడిగింది. అప్పటినుంచి రోజూ పొద్దున హాస్టలు పిల్లలంతా వరసగా దువ్వుకున్నారు. జిడ్డు తుడవకుండానే పెట్టెలో పెట్టాను. పది పన్నెండు దినాలకు నువ్వు చెప్పిన తెల్ల గీతలు కనిపించాయి. మొన్న రత్నమణి జడలో రెండు పండ్లు విరిగాయి. ఆ పిల్ల ఏడ్చింది. నీ తప్పు కాదమ్మా అని ఊరడించాను.

ఇది తుక్కు కలపని దువ్వెన అని నువ్వే చెప్పావు. విరిగిన పండ్లతో సహా పంపుతున్నాను. అయ్యన్న తుక్కు కాదు దీన్ని విరిచింది.

నీకు ఏం చేయాలో నేను చెప్పను. నీకు తెలుసు.

జీవమ్మ


కర్నూలు,
1956 డిసెంబరు 9.

అత్తా,

పొట్లం విప్పి ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. మొదట నీ మీద కోపం వచ్చింది, రాలేదని అబద్ధం చెప్పను. ఆ తర్వాత ఆ రుమాలు, రేకు పెట్టె తలుచుకుంటే కోపం నిలవలేదు. నువ్వు దాచుకున్నావు, అంతే. నేను అయితే అడగవలసిన నాలుగు మాటలు అడగకుండా ఒక మనిషిని చూపించాను.

అప్పటినుంచి తప్పు యాడ ఉందని వెతకడమే నా పని. కొత్త గింజలు మార్చాను, గొట్టం వేడి పెంచాను, తగ్గించాను. చేసిన ప్రతి దువ్వెననూ కొబ్బరినూనెలో నానబెట్టి, మరునాడు కొంచెం వంచి చూస్తున్నాను. అన్నిటికీ తెల్ల గీతలే.

పోయిన గురువారం ఒక సంగతి జరిగింది. ఒక్కడినే లాగి ముంచి, ముంచి లాగి, భుజం పట్టేసింది. తొట్టి దాకా అచ్చును మోయలేక నాలుగైదు సార్లు ముంచకుండా ఊరకే ఉండనిచ్చి తీశాను. అచ్చు వేడెక్కింది. ఆ దువ్వెనలు పట్టుకుంటే వేరుగా ఉన్నాయి. మునుపటి వాటి మీద కనిపించే అలల గుర్తులు వీటి మీద లేవు. నూనెలో వేశాను. మరునాడు వంచాను. గీత లేదు! ఇంకా వంచాను. లేదు. నేను గోదాములో ఒక్కడినే గట్టిగా నవ్వాను.

ఆశకొద్దీ అచ్చును ఇంకా కాగనిచ్చాను. ఈసారి దువ్వెనలు మెత్తగా బయటికి వచ్చి అరటిపండు మాదిరి వంకర పోయాయి, మధ్యలో గుంటలు పడ్డాయి. అంటే అతివేడి పనికిరాదు. అచ్చు మీద చెయ్యి పెడితే వేడి గట్టిగా తగలాలి, చెయ్యి మాత్రం వెనక్కి లాక్కోకూడదు. ఆ వేడిలో అచ్చును ఉంచి, పాకం పోసినాక ప్రభువు ప్రార్థన ఒకసారి నెమ్మదిగా చెప్పుకునేంతసేపు మూసి ఉంచితే, దువ్వెన గట్టిగా, చక్కగా వస్తుంది.

నాకు తెలిసినంతవరకు జరుగుతున్నది ఇది. చల్లటి ఇనుము తగిలిన వెంటనే పాకానికి పైపొర బిగుసుకుంటుంది. లోపల ఇంకా వేడి. లోపలిది తర్వాత నెమ్మదిగా చల్లారి కుంచించుకోవాలంటే పైపొర కదలదు. దువ్వెన ఎప్పటికీ లోలోపల లాగుకుంటూనే ఉంటుంది. కంటికి కనపడదు. నూనె తగిలేసరికి ఆ లాగుడు బయటపడి చీలుతుంది. అచ్చు వెచ్చగా ఉంటే అంతా ఒక్కటిగా సర్దుకుంటూ చల్లారుతుంది. బొంబాయి మిస్త్రీ మే నెలలో వచ్చాడు. అప్పుడు మా తొట్టి నీళ్లే స్నానానికి కాచినట్టు ఉండేవి. వానలు పడినాక చల్లబడ్డాయి. ఈ చలిలో రాత్రంతా ఉన్న నీళ్లలో చేయి పెడితే జివ్వుమంటుంది. నీ దువ్వెన చేసిన రోజు, ఎప్పుడెప్పుడు చూద్దామా అనే ఆత్రంతో అచ్చును రెండుసార్లు ముంచమన్నది నేనే.

తిమ్మారెడ్డి గారి ముందర పాత దువ్వెననూ కొత్త దువ్వెననూ నూనెలోనుంచి తీసి వంచి చూపించాను. పాతది విరిగింది. ఆయన కొత్తదాన్ని తానే తీసుకుని వంచారు. “బాగుండాదప్పా. కానీ ఇంత నిదానంగా చేస్తే దినానికి సగం గూడా రావు గదా, దుడ్లు యాడ్నుంచి వస్తాయి?” అన్నారు. వెనక్కి వచ్చి మూలన పడి ఉన్న దువ్వెనల గోతాలు చూపించాను. ఆయన ఒక గోతం మూతి విప్పి చూసి, “సరేప్పా, నిదానంగానే చెయ్యి” అన్నారు.

అప్పుడు అయ్యన్న మాట ఎత్తాను. తప్పు అతనిది కాదు, నాది అన్నాను. ఆయన ముఖం చిన్నది చేసుకుని, “నువ్వు చెప్తేనే గదప్పా పంపించింది. పోయి నువ్వే పిల్చుకోని రా” అన్నారు.

నిన్న కోడుమూరు పోయాను. అయ్యన్న ఒక రైతు కళ్లంలో కూలికి చెనక్కాయలు తెంపుతున్నాడు. ఎండలో నిలబడి జరిగిందంతా చెప్పాను. తల ఎత్తకుండా విన్నాడు. చివర ఒక్క మాట అన్నాడు: “నీ మాట మీద పోయినోణ్ని, మళ్లా నీ మాట మీద రాల్నా?”

వచ్చేశాను.

ప్రేమయ్య


కడప,
1956 డిసెంబరు 16.

ప్రేమయ్యా,

నువ్వు ఎండలో నిలబడి చెప్పావు, అతను కింద కూర్చుని విన్నాడు. క్షమించమని అడిగేవాడు నిలబడతాడా? ఆ మనిషికి నువ్వు పనికి పిలవడానికి వచ్చినట్టే కనిపించి ఉంటుంది.

ఈసారి పిలవవద్దు. ఆదివారం గుడి అయినాక పో. అతని పక్కన కూర్చుని కాయలు తెంపు. కూలి తీసుకోవద్దు. మాట్లాడితే మాట్లాడు, లేకపోతే లేదు. ఈ కాగితం వెనకాల ఇంకో కాగితం పెట్టాను. అది అయ్యన్నకు. అతనికి చదువు రాదని రాశావు కాబట్టి నువ్వే చదివి వినిపించు. ముందుగా నువ్వు చూడవద్దు.

అత్త


కోడుమూరు అయ్యన్నకు కడప మిషన్ కాంపౌండు నుంచి జీవమ్మ వ్రాయునది.

అయ్యా, నన్ను నువ్వు చూడలేదు. నేను ప్రేమయ్య మేనత్తను. నా పిల్లవాడు నీ రొట్టెలో సగం తిన్నాడని నాకు తెలుసు. వాడు ఈ ఉత్తరం నీకు చదువుతున్నాడు. మధ్యలో ఆపితే, ఆపనివ్వవద్దు, చదవమను.

వాడు నాకు దువ్వెన పంపాడు. నేను ప్రేమకొద్దీ తలకు పెట్టుకోకుండా పెట్టెలో దాచి, విరగలేదని వాడికి రాశాను. వాడు ఆ మాట పట్టుకుని నీ తుక్కు మీద నేరం మోపాడు. కాబట్టి నీ పని పోయినదానిలో నా పాలు ఉంది. వాడి పాలు వాడిది. వాడికి తల్లి లేదు, తండ్రి లేదు. సిగ్గు మాత్రం ఉంది, అది నేను నేర్పాను. వాడు సిగ్గుపడుతున్నప్పుడు కోపంగా కనపడతాడు. నువ్వు పొరబడతావేమోనని రాస్తున్నాను.

నువ్వు తిరిగి రావాలని నేను అడగను. నీ చేతులు తొట్టి నీళ్లలో నానేవని విన్నాను. ఇప్పుడు కళ్లం మట్టిలో ఎండుతుంటాయి. ఆముదం రాసుకో.

జీవమ్మ


కర్నూలు,
1956 డిసెంబరు 30.

అత్తా,

రెండు ఆదివారాలు పోయాను. మొదటి ఆదివారం ఒక్క మాట లేదు. సాయంత్రం దాకా కాయలు తెంపి లేచి వచ్చాను. వేళ్లు పగిలాయి.

ఈ రోజు మధ్యాహ్నం నీ కాగితం తీసి చదివాను. ముందుగా చూడవద్దన్నావు, చూడలేదు. అందువల్ల “వాడికి తల్లి లేదు” దగ్గర కాగితం మడవబోయాను. నేను ఆగితే అయ్యన్న, “ఆపనియ్యద్దని చెప్పింది గదా ఆయమ్మ, చదువు” అన్నాడు. చదివాను. పక్కన కాయలు తెంపుతున్న ఆడవాళ్లు కూడా చేతులు ఆపి విన్నారు.

అంతా అయినాక అయ్యన్న, “దువ్వెన ఇస్తే పెట్లో దాసుకునే మనిషిని యాడా సూడలేదప్పా” అని నవ్వడం మొదలుపెట్టాడు. వాళ్లూ నవ్వారు. నేనూ నవ్వాను. అతని భార్య రొట్టె విరిచి నా చేతిలో పెట్టింది. పనికి వస్తాడా రాడా అని నేను అడగలేదు, అతనూ చెప్పలేదు. బస్సు దాకా వచ్చి, “ఆ కాగితం నాకియ్యి” అన్నాడు. ఇచ్చాను.

ప్రేమయ్య


కడప,
1957 జనవరి 6.

నాయనా,

రొట్టె పెట్టిన ఇంట్లో ఇంకేం అడగాలి? పని సంగతి వదిలేయి. అతను వచ్చినా రాకున్నా ఆదివారాలు మాత్రం మానవద్దు.

వేళ్లకు పసుపు నూనె పెట్టు. రత్నమణి నీ కొత్త దువ్వెనల కోసం అడుగుతోంది. దానికి ఒకటి పంపు. నాకు పంపితే మాత్రం ఆ రోజే తలలో పెడతాను, చెప్పలేదనవద్దు.

అత్త


కర్నూలు,
1957 జనవరి 24.

ప్రియమైన అత్తకు వందనములు.

ఈ వారం చలి ఎక్కువగా ఉంది. పొద్దున పని మొదలుపెట్టే ముందు అచ్చును కుంపటి పక్కన పెట్టి కాచుకుంటున్నాను. అయినా నాకు ఎప్పుడూ తొందరే. నిన్న కుంపటి రాజుకుందో లేదో, అచ్చును తీసి మిషన్ కింద పెట్టి పిడి పట్టుకున్నాను. వెనక ఎవరో వచ్చిన చప్పుడైంది. తిమ్మారెడ్డి గారు అనుకుని తిరగలేదు.

అయ్యన్న! తలకు తువ్వాలు చుట్టుకుని, కోడుమూరు నుంచి మొదటి బస్సుకు వచ్చాడు. భుజం మీది సంచి మేకుకు తగిలించాడు. వంగి అచ్చు మీద అరచెయ్యి పెట్టాడు. కాసేపు అట్లాగే ఉంచి తల అడ్డంగా ఊపాడు.

“ఇంకా కాగనీప్పా. తొందరపడాకు” అన్నాడు.

నేను పిడి వదిలేశాను. ఇద్దరమూ కుంపటి దగ్గర కూర్చున్నాం.

నీ ప్రేమయ్య